గోడమీది బంధువర్గము

గడచిన మాసమున ఈ శీర్షిక క్రింద పాతచీరల అంచులతో కిటికీ తెరలు కుట్టుకొను విధమును ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున గోడ సంగతి చూతము. పలువురి యిండ్లలో ముందుగదియందు పెద్దగోడ యొకటి బోసిగా నుండును. దానిపై నేమి యుంచవలయునో తోచక, అంగడిలో దొరకు జలపాతపు బొమ్మనో, ఏడుగుఱ్ఱముల బొమ్మనో కొనితెచ్చి తగిలించుట పరిపాటి యైనది. అదే యింటిలో బీరువా అడుగు అరయందును, మంచము క్రింది యినుపపెట్టెయందును మూడుతరముల ఛాయాచిత్రములు చెమ్మకు ఒకదాని కొకటి అంటుకొని పడియుండును. చేతిలోని సెల్‌ఫోనులో మఱికొన్ని వేలు ఎవరికిని కనబడక దాగియుండును. ఏడుగుఱ్ఱములకు దొరకిన గోడ మన తాతలకును నాయనమ్మలకును దొరకకుండుట విచారింపదగిన విషయము కాదా?

కుటుంబమునకు సంబంధించిన చిత్రములను అనేకములను ఒకే పెద్ద అట్టపై కూర్చి పటము కట్టించుటను నేడు కొలాజ్ అనుచున్నారు. ఫ్రెంచి భాషలో అంటించుట అను అర్థముగల పదమునుండి ఈ మాట పుట్టినది. మనము దీనిని కూర్పుపటము అని పిలుచుకొందము. ఇది చేయుట కష్టము కాదు. కాని దీనిని పొరపాటుగా చేయుట మఱింత సులభము. ఆ పొరపాటును నేను స్వయముగా చేసియున్నాను గనుక ముందుగా దానినే చెప్పెదను.

పదునెనిమిది సంవత్సరముల క్రిందట మా చెల్లెలి వివాహమునకు కానుకగా నేనే యొక కూర్పుపటమును సిద్ధపఱచితిని. అప్పుడు నాకు తొందర యెక్కువ, తెలివి తక్కువ. మా తల్లిగారి పెట్టెలోని అసలు చిత్రములనే తీసికొని, ముఖముల మేరకు కత్తెరతో గుండ్రముగా కత్తిరించి, చెక్కపై తెల్లజిగురుతో అంటించితిని. చూచినవారందఱు మెచ్చుకొనిరి. చెల్లెలు దానిని తన యింట వానజల్లు కొట్టు పడమటిగోడకు తగిలించినది. రెండు వర్షాకాలములు గడచునప్పటికి చెక్క యుబ్బినది. చిత్రములపై బూజు పుట్టినది. అద్దము నంటిన ముఖములు అద్దముతోనే యూడివచ్చినవి. అందులో మా నాయనగారు ఏడేండ్ల బాలుడుగా పలక పట్టుకొని నిలుచున్న చిత్ర మొకటి. దానికి వేఱు ప్రతి లేదు. నేను కత్తిరించి పాఱవేసిన భాగమున ఆ బడి అరుగును, దాని వెనుక వేపచెట్టును ఉండెడివని మా తల్లిగారు తరువాత చెప్పిరి. మా నాయనగారు న న్నొక్కమాటయు అనలేదు. అనకపోవుటయే నాకు నేటికిని బాధ.

కావున మొదటి నియమము ఇది: అసలు చిత్రమునకు కత్తెర తగులరాదు, జిగురు తగులరాదు. గోడకు పోవలసినది ప్రతి. అసలుది పెట్టెలోనికే మరలి పోవలయును.

రెండవ నియమమును నాకు మా అత్తగారు నేర్పిరి. నాలుగేండ్ల క్రిందట వారు గోదావరి తీరమందలి గ్రామమున తమ యిల్లు విడిచి మాతో నుండుటకు వచ్చునప్పుడు ఒక యినుపపెట్టె వెంట తెచ్చుకొనిరి. అందులో తమ పుట్టింటి పెండ్లి చిత్ర మొకటి యున్నది. వారి పెద్దక్కగారి వివాహమునకు 1951లో తీయించినది. మండువాలో ముప్పదిమంది మూడు వరుసలుగా కూర్చుండియు నిలుచుండియు నున్నారు. మా అబ్బాయి దానిని కంప్యూటరు తెరపై నిలిపి సవరించుచుండగా నేను ప్రక్కన నిలుచుంటిని. కుడివైపు అంచున ద్వారబంధము చాటునుండి ఎవరిదో చేయి మాత్రము బయటికి వచ్చి, ఎనిమిదేండ్ల పిల్ల భుజముపై నున్నది. మనిషి కానరాదు. చేతికి గాజులు లేవు. “ఆ అంచు బాగుగా లేదు, అంతవఱకు తీసివేయుము” అని నే నంటిని.

మంచముపై కూర్చుండి చిక్కుడుకాయల ఈనెలు తీయుచున్న మా అత్తగారు తల యెత్తిరి. “ఆ చెయ్యి తీయించకమ్మా. అది మా మేనత్తది. ఆవిడకి ఇంకో ఫోటో లేదు” అనిరి.

పదునాఱవయేట భర్తను పోగొట్టుకొని అన్నగారింట చేరిన స్త్రీ ఆమె. ఆ యింటి బిడ్డలందఱును ఆమె చేతిమీదనే పెరిగిరి. ఆ పెండ్లికి మూడుదినముల వంటయు ఆమెదే. కాని శుభకార్యమున ముందు నిలువరాదు గనుక చిత్రములోనికి రాలేదు. పట్టణమునుండి వచ్చిన ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి అందఱిని కదలవద్దనెను. అంచున నిలిపిన చిన్నపిల్ల భయపడి ఏడ్పు మొదలిడినది. అప్పుడు మేనత్త గుమ్మము చాటున నిలిచి చేయి చాచి భుజముపై నుంచినది. ఆ పిల్లయే మా అత్తగారు. ఇప్పటికిని ఆ చిత్రమున చూడవచ్చును: తక్కిన పిల్లల ముఖములన్నియు కదలి చెదరినవి; వారి ముఖ మొక్కటియే నిలుకడగా నున్నది.

నే నడిగితిని: “అత్తయ్యగారూ, ఆవిడ పే రేమిటి?” మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. ఊరంతయు ఆమెను అత్తమ్మ అనియే పిలిచెడివారట. రెండుదినము లాలోచించి, మూడవనాటి యుదయమున కాఫీ త్రాగుచు హఠాత్తుగా ఆ పేరు చెప్పిరి. మఱి రెండేండ్లు ఆలస్యమైనచో ఆ పేరు లోకమున ఎక్కడను మిగిలియుండెడిది కాదు.

కాబట్టి రెండవ నియమము: అట్ట కొనుటకు ముందు పేర్లు సేకరింపవలయును. ఇంటిలో వయస్సు మళ్లినవారి ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క చిత్రమును చేతికిచ్చి, ఎవరు, ఏయూరు, ఏ సందర్భము, ఎవరి యిల్లు అని అడుగుడు. ఒక్క కూర్చుంటలో పది చిత్రములకు మించి చూపకుడు, వారు అలసిపోదురు. “ఇది ఏ సంవత్సరము?” అని యడిగిన చెప్పలేనివారు “అప్పటికి నీ భర్త పుట్టెనా? ఆ యింటికి పెంకు వేసిరా?” అని యడిగినచో ఠక్కున చెప్పుదురు. విన్నది మెత్తని పెన్సిలుతో చిత్రము వీపున అంచువైపు తేలికగా వ్రాయుడు. బాల్‌పెన్ను వాడరాదు, దాని ఒత్తిడి ముఖము వైపునకు గీతగా తేలును, సిరా ప్రక్కచిత్రమునకు అంటును. వారి అనుమతితో ఆ మాటలను సెల్‌ఫోనులో శబ్దముగా నుంచుకొన్నచో మఱియు మేలు.

ఇచ్చట కొంచెము చరిత్ర తెలిసికొనుట అప్రస్తుతము కాదు. ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనది. 1854లో డిస్‌డేరి అను ఫ్రెంచి ఫోటోగ్రాఫరు చిన్న యట్టపై అంటించు చిత్రముల పద్ధతికి పేటెంటు పొందెను. అవి చౌకగా దొరకుటచే ఇంటింట పోగుపడెను. 1860, 1870 దశకములలో ఇంగ్లండు దేశపు సంపన్న గృహిణులు, లేడీ ఫిల్మర్ వంటివారు, ఆ చిన్నచిత్రములను కత్తిరించి తాము నీటిరంగులతో చిత్రించిన గదులలోను తోటలలోను బంధుమిత్రుల ముఖముల నమర్చి ఆల్బములు కూర్చిరి. పిమ్మట 1919 ప్రాంతమున బెర్లినులో హన్నా హోఖ్ అను చిత్రకారిణి పత్రికలనుండి కత్తిరించిన ఛాయాచిత్రములతోనే పెద్దచిత్రములు నిర్మించి ప్రసిద్ధి కెక్కెను. కత్తెర చేతబట్టి చిత్రములు కూర్చుట ఈ విధముగా మొదటినుండియు స్త్రీల చేతులలో పెరిగిన విద్య.

మన ప్రాంతమున స్త్రీలు కెమెరా యెదుటికి వచ్చుటయే పెద్దసంగతి. హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులో ఫోటోగ్రాఫరుగా నుండిన రాజా దీనదయాళ్ 1892లో పరదా పాటించు స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జెనానా స్టూడియో నొకదానిని తెఱచి, దానిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత పర్యవేక్షణలో నుంచెను. పరపురుషుని యెదుట కూర్చుండరాదని నియమముండుటచేతనే గదా అట్టి యేర్పాటు కావలసివచ్చినది! అదియు సంపన్నుల యిండ్లకే. సామాన్య గృహములలో స్త్రీ చిత్రములోనికి వచ్చునది పెండ్లికూతురుగా నొకసారి, బిడ్డ నెత్తుకొని మఱియొకసారి. వంటయింటిలో నున్నవారు రానేలేదు. మీ పెట్టెలోని పాతచిత్రములలో పురుషులెందఱు, స్త్రీలెందఱు అని ఒకసారి లెక్కించి చూడుడు. గోడపై ఎవరు కనబడుదురో వారినే మన మనుమలు తమ కుటుంబమని యెఱుగుదురు. గోడపైకి రానివారు రెండుతరములలో లేనివారే యగుదురు. ఈ కూర్పుపని గృహిణి చేతికి వచ్చినప్పుడు ఆమె చేయునది అలంకారము మాత్రమే కాదు. ఎవరు మిగులవలయునో నిర్ణయించు పని.

కాబట్టి ఎన్నికలో మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది: కోడలి పుట్టినిల్లు. మన గోడలపై మామగారి తండ్రి యుండును, తాత యుండును. కోడలి తల్లిదండ్రుల చిత్రము ఆమె బీరువాలోని చీరల మడతలలో నుండును. బిడ్డలకు ఇరుప్రక్కలవారును తాతలే. మీ యింటి కోడండ్రందఱి పుట్టిండ్లనుండియు ఒక్కొక్కటియైన చిత్రము చేరవలయును. మీ చిత్రమును చేర్చుకొనుటకు సంకోచింపకుడు.

రెండవది: గతించినవారు. మన యిండ్లలో వారి పటములకు బొట్టు పెట్టి, దండ వేసి ప్రత్యేకముగా నుంచు ఆచారమున్నది. పితృదేవతలది దక్షిణదిక్కను నమ్మికచే పలువురు వానిని దక్షిణపుగోడకే తగిలింతురు. జీవించియున్నవారిని వారితో నొక్కపటమున చేర్చుటకు పెద్దలలో కొందఱికి మన సొప్పదు. దానిని మూఢత్వమని త్రోసివేయక ముందుగా అడుగుట మర్యాద. దండవేసిన పటమును దానిచోటనే యుండనిండు. కూర్పుపటమునకై వారు నవ్వుచున్నట్టిదో, పొలమున నిలుచున్నట్టిదో, మనుమని యెత్తుకొన్నట్టిదో వేఱొక చిత్రము నెన్నుకొనుడు. మా అత్తగారు ఈ యుపాయమునకు సంతోషముగా సమ్మతించిరి.

మూడవది: మనస్పర్థలు. విడిపోయిన దంపతులు, పలకరింపులు మానుకొన్న అన్నదమ్ములు లేని కుటుంబము లేదు. కోపమువచ్చినవారి ముఖమును చిత్రమునుండి కత్తిరించి తీసివేసినచో, చూచువారికి మొదట కనబడునది ఆ రంధ్రమే. నొచ్చినవారిని అడిగి, వారు చూడలేని చిత్రమును పెట్టెలో నుంచి, వారు ఒంటరిగా బాగుగానున్న వేఱుచిత్రమును తీసికొనుడు. నిర్ణయము వారిది, మనది కాదు.

ఇక ప్రతులు తీయు విధము. స్కానరు యంత్రమున్నచో చిన్నచిత్రములను అంగుళమునకు 600 చుక్కల చొప్పున ఎక్కించుడు. అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు చాలును గనుక, మూడంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పుగల చిత్రము దీనిచే ఆఱంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పునకు చక్కగా పెరుగును. అంతకు రెట్టింపు కావలసినచో 1200 చుక్కలు పెట్టవలయును. స్కానరు లేనివారు చిత్రమును కిటికీవద్ద ఎండ తగులని వెలుతురులో బల్లపై పఱచి, సెల్‌ఫోనును దానికి సరిగా సమాంతరముగా పట్టి, ఫ్లాషు వేయక తీయవచ్చును. తీసినవానిని రెండుచోట్ల భద్రపఱచుడు, ఫోనొక్కటినే నమ్మరాదు.

అద్దమున కంటుకొనిన పాతచిత్రమును లాగకుడు. పైపొర యూడి అద్దమునకే యుండిపోవును. అద్దముతో సహా ప్రతి తీసికొనుడు. జిగురుచారల అట్టలపై పారదర్శకమైన పొర కప్పియుండు ఆల్బములలోని చిత్రములకును ఇదే జాగ్రత్త. ముందు ఉన్నచోటనే ప్రతి తీసి, పిమ్మట పండ్లసందులు శుభ్రపఱచుకొను సన్నని దారమును చిత్రము వెనుక మెల్లగా నడిపించి విడదీయవచ్చును. విడివడనిచో అట్లే యుంచుడు.

1970, 1980 దశకములలో తీయించిన రంగుచిత్రములు పలువురి యిండ్లలో నేడు ఎఱ్ఱబడియుండుట చూచియేయుందురు. నలుపుతెలుపు చిత్రమున రూపము వెండిచే ఏర్పడినది; రంగుచిత్రమున రూపము రంగుద్రవ్యములచే ఏర్పడినది. ఆ ద్రవ్యములు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగమున వెలిసిపోవుటచే ఎఱుపు మిగులుచున్నది. అందుచే తాతగారి పెండ్లిచిత్రము కంటె తండ్రిగారి పెండ్లిచిత్రమే ముందు నశించు ప్రమాద మున్నది. ప్రతులు తీయుట రంగుచిత్రములతోనే ఆరంభింపుడు.

కొలతలకు వత్తము. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల అట్ట పెద్దగోడకు నిండుగా నుండును. అది 48 అంగుళములకు 36 అంగుళములు, అనగా 1728 చదరపు అంగుళములు. దానిపై నేను కూర్చినవి ఇవి: నడుమ 12కు 10 అంగుళముల పెద్దచిత్రము ఒకటి, దానిచుట్టు 10కి 8 అంగుళములవి నాలుగు, 7కు 5 అంగుళములవి పది, 6కు 4 అంగుళములవి పండ్రెండు. మొత్తము 27 చిత్రములు, 1078 చదరపు అంగుళములు. తక్కిన 650 చదరపు అంగుళములు అంచులకును ఎడములకును పోవును. ఈ ఖాళీని చూచి ఆశపడి మఱి నాలుగు చిత్రములు దూర్చకుడు. చుట్టును రెండంగుళముల అంచు, చిత్రముల నడుమ అరంగుళము ఎడము లేనిచో కన్ను నిలువదు. పటము సంతవలె నుండును.

అంటించుటకు ముందు నేలపై అమర్చి చూచుకొనవలయును. అట్టకు సరిపడు దీర్ఘచతురస్రమును సుద్దముక్కతో గీయుడు. ముగ్గుపిండి వాడినచో చిత్రముల కంటును. పాతవార్తాపత్రికలను చిత్రముల కొలతకు కత్తిరించి, ఒక్కొక్కదానిపై సంఖ్య వేసి, అటునిటు జరుపుచు చూడుడు. ఎడమవైపునకు చూచు ముఖము పటమున కుడిప్రక్క నుండవలయును, కుడివైపునకు చూచునది ఎడమప్రక్క నుండవలయును. అట్లుకానిచో వారు ఇల్లు విడిచి పోవుచున్నట్లు తోచును. ముప్పదిమంది గల గుంపుచిత్రమును చిన్నదిగా అచ్చు వేయింపరాదు, ముఖములు ఆవగింజలగును. అట్టివానికి పెద్దకొలతయే యిచ్చి, ఒంటరి ముఖములకు చిన్నకొలత యిండు. నలుపుతెలుపు చిత్రములను నడుమను, రంగుచిత్రములను చుట్టును ఉంచినచో కాలము లోపలినుండి వెలుపలికి విస్తరించినట్లు కనబడును. ఈ యమరికను ఒకరాత్రి అట్లే యుంచి ఉదయమున మరల చూడుడు. ఇంటివా రందఱును దానిచుట్టు తిరిగి ఏదో యొకటి చెప్పుదురు. అదియు ఈ పనిలోని సుఖమే.

అచ్చులను మెఱుపులేని కాగితముపై వేయింపుడు. మెఱుపుకాగితముపై కిటికీవెలుగు పడి ముఖములు కనబడవు. ప్లైవుడ్డుపై నేరుగా అమర్చరాదు. దానినుండి వెలువడు ఆమ్లపుటావిరి కాగితమును పసుపుపచ్చగా మార్చును. నడుమ ఆమ్లములేని దళసరి కాగితము నొకటి పఱవవలయును. మైదాజిగురు పురుగులకు విందు. పుస్తకములు కుట్టువారు అందులో మైలుతుత్తము కలుపుదురుగాని, అది పుస్తకముల అట్టలకు తగినదే కాని చిత్రముల వీపునకు తగదు. నాలుగుమూలల కాగితపు మూలకట్లలో దూర్చి నిలుపుట అన్నిటికంటె ఉత్తమము. అట్లు చేసినచో ఎప్పుడైన ఒకచిత్రమును తీసి మఱియొకదాని నుంచవచ్చును. ఒక మూలను 6కు 4 అంగుళముల చోటును ఖాళీగా విడుచుట మఱవకుడు. ఇంటికి రాబోవు కోడలికో, పుట్టబోవు బిడ్డకో అది కావలసియుండును.

పటము కట్టువానితో రెండుమాటలు ఖండితముగా చెప్పవలయును. అద్దము చిత్రములకు తగులరాదు. నడుమ సన్నని చెక్కబద్ద వేయవలయును. మా చెల్లెలి పటము పాడగుటకు సగము కారణ మిదియే. నాలుగు మిల్లీమీటర్ల మందముగల అద్దము ఈ కొలతకు సుమారు 11 కిలోల బరువుండును. చెక్క, చట్రము దానికి అదనము. ఒక మేకునకు తగిలించుట ప్రమాదము. గోడలో రంధ్రములు చేయించి రెండు మరమేకులు బిగింపవలయును. అక్రిలిక్ పలక వేయించినచో బరువు ఇంచుమించు సగము తగ్గును. కాని దానిని పొడిగుడ్డతో తుడిచినచో గీతలు పడును. మెత్తని తడిగుడ్డ వాడవలయును.

వానజల్లు కొట్టు గోడ, వంటయింటి పొగ తగులు గోడ, ఎండ సూటిగా పడు గోడ పనికిరావు. లోపలిగోడ శ్రేష్ఠము. పటమునకు వెనుక నాలుగుమూలల రబ్బరుముక్కలు అంటించినచో గోడకును దానికిని నడుమ గాలి ఆడును, చెమ్మ పట్టదు. నిలుచున్నవారి కంటికి సరిగా నడిమిచిత్ర ముండునట్లు తగిలింతు రందఱును. మీరు అంతకంటె అరడుగు క్రిందికి దించుడు. పెద్దలు కూర్చుండియు, పిల్లలు నిలుచుండియు చూడగలరు.

చివరిపని, అందఱును మఱచునది: వీపుపట్టిక. పెద్దకాగితముపై చిత్రముల గడులను గీసి, సంఖ్యలు వేసి, ప్రతిసంఖ్యకు ఎదుట పేరు, వరుస, ఊరు, సంవత్సరము వ్రాసి పటము వెనుక ఒక కవరులో నుంచుడు. దాని ప్రతి నొకదానిని అసలు చిత్రములున్న పెట్టెలో వేయుడు. మా యింటి పట్టికలో నడిమిచిత్రమునకు ఎదుట మా అత్తగారు తమ చేతితోనే ముప్పదిపేర్లు వ్రాసిరి. ముప్పదియొకటవ పేరు వ్రాయునప్పుడు కలము కొంచెము నిలిచినది. పిమ్మట మేనత్తపేరు, ఆమె పుట్టినయూరు పూర్తిగా వ్రాసి, ప్రక్కన “చేయి” అని వ్రాసిరి.

ఆ పెండ్లిచిత్రమే మా పటమునకు నడుమ నున్నది, ద్వారబంధముతో సహా, ఒక్క అంచును తగ్గింపక. అందముమాట చెప్పవలసినచో దానికంటె మంచిచిత్రములు పెట్టెలో నున్నవి. కాని వచ్చిన ప్రతివారి చూపును చివరకు ఆ కుడియంచున నిలుచును. మొన్న సెలవులకు వచ్చిన మా చెల్లెలి చిన్నకూతురు కుర్చీయెక్కి చూచి, “పెద్దమ్మా, ఈ చెయ్యి ఎవరిది?” అని యడిగినది. నేను చెప్పబోవునంతలో మా అత్తగారు, “ఇలా రా, నేను చెబుతాను” అని ఆ పిల్లను తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి.

అట్ట, అద్దము, చట్రము వచ్చేనెల కొనవచ్చును. అవి అంగడిలో ఎప్పుడును దొరకును. ఈ నెలలో మాత్రము ఒక మెత్తని పెన్సిలు తీసికొని, మీ యింటి పెద్దవారి ప్రక్కన కూర్చుండుడు.